డాక్టరు తప్పు చేస్తే అడిగేదెవరు?

2023 మే నెలాఖరులో వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఒక ముఠా దొరికింది. పోర్టబుల్ స్కానింగ్ యంత్రాలతో కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం, ఆడపిల్ల అని తేలితే గర్భస్రావం చేయించడం వాళ్ల పని. మొత్తం 18 మందిని అరెస్టు చేశారు. స్కానింగ్ చేసినవాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, పల్లెల నుంచి గర్భిణులను తీసుకొచ్చి కమీషన్ పుచ్చుకునేవాళ్లు అందులో ఉన్నారు. దీన్ని బయటపెట్టింది పోలీసులు, వాళ్లతో పాటు వైద్యారోగ్య శాఖ సిబ్బంది. డాక్టర్ల నడవడికను చూసుకోవాల్సిన మెడికల్ కౌన్సిల్ కాదు. ఇంతమంది కలిసి చేసే పని ఊళ్లోని వైద్యవర్గాల్లో ఎవరి చెవినా పడలేదంటే నమ్మడం కష్టం. తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. చెప్పడానికి వాళ్లకు ఒక చోటు లేదు, చెప్పాలన్న అలవాటూ లేదు.

వైద్యవృత్తిని వైద్యులే అదుపు చేసుకోవాలా, బయటివాళ్లు చేయాలా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడు వచ్చినా రెండు వర్గాల మధ్య పంచాయితీగానే నడుస్తుంది. ‘మా పని మాకు తెలుసు, మీకేం తెలుసు’ అని డాక్టర్లంటారు. ‘మీలో మీరు కప్పిపుచ్చుకుంటారు’ అని ప్రభుత్వమంటుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. తోటివాళ్లకు విషయం తెలుస్తుంది, కానీ కదలరు. సర్కారు కదులుతుంది, కానీ దానికి విషయం తెలియదు. ఈ ఇద్దరి మధ్య రోగికి కుర్చీ వేయడం ఎవరికీ గుర్తుకు రాలేదు. గత పదిహేనేళ్లలో దేశంలోనూ మన రాష్ట్రంలోనూ జరిగిన మార్పులను వరంగల్ వైపు నుంచి చూస్తే నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది ఇదే.

ఈ ఏర్పాటు మనకు బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చింది. 1858లో ఇంగ్లండులో జనరల్ మెడికల్ కౌన్సిల్ పుట్టింది. చదివిన వైద్యుడెవరో, చదవనివాడెవరో జనానికి తెలిసేలా ఒక రిజిస్టరు పెట్టి, ఆ రిజిస్టరు కాపలాను వైద్యులకే అప్పగించారు. 1914లో మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం అదే పద్ధతిని ఇటు తెచ్చింది. 1933లో అఖిల భారత స్థాయిలో ఒక చట్టం, దాని స్థానంలో 1956లో మరో చట్టం వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1968లో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం చేసుకుంది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఇప్పటికీ ఆ చట్టం పునాది మీదే నడుస్తోంది. ఏర్పాటు వెనకున్న ఒప్పందం సులువైనది. వైద్యం చేసే హక్కు మీకే ఇస్తాం, మీలో తప్పు చేసినవాణ్ని మీరే ఏరేయండి అని సమాజం వైద్యులకు చెప్పింది. హక్కును అందరూ గట్టిగా పట్టుకున్నారు. ఏరివేత మాత్రం వెనకబడింది.

మన దేశంలో ఈ ఒప్పందం ఎలా చెడిందో అందరికీ తెలిసిన కథే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2010 ఏప్రిల్లో భారత వైద్య మండలి అధ్యక్షుడు కేతన్ దేశాయ్‌ని లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. మరుసటి నెలలోనే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి మండలిని రద్దు చేసింది. 2013లో ఎన్నికైన మండలి మళ్లీ వచ్చింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం దాని పనితీరును కడిగేసింది. ఆ ఏడాది మేలో సుప్రీంకోర్టు జస్టిస్ లోధా నేతృత్వంలో పర్యవేక్షణ కమిటీ వేసింది. 2018 సెప్టెంబరులో మండలి రెండోసారి రద్దయింది. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం వచ్చింది, 2020 సెప్టెంబరు 25న కమిషన్ పని మొదలుపెట్టింది. ఎన్నికైన వైద్యుల మండలి పోయి, కేంద్రం ఎంపిక చేసే 33 మంది కమిషన్ వచ్చింది. అందులో న్యాయం, ఆర్థికం, రోగుల హక్కులు వంటి వైద్యేతర రంగాల నుంచి తీసుకునేది ముగ్గురినే. అంటే అధికారం వైద్యుల ఎన్నిక నుంచి ప్రభుత్వ ఎంపికకు మారింది, బల్ల చుట్టూ కూర్చున్నది మాత్రం చాలావరకు వైద్యులే.

దాంతో అవినీతి పోయిందా? 2025 జూన్ 30న సీబీఐ పెట్టిన ఎఫ్ఐఆర్ చూస్తే పోలేదనే చెప్పాలి. మెడికల్ కాలేజీల తనిఖీ వివరాలు ముందే లీక్ చేశారని, అనుకూలమైన నివేదికల కోసం డబ్బులు చేతులు మారాయని ఆరోపణ. ముప్పై మందికి పైగా నిందితులు. కేంద్ర ఆరోగ్య శాఖ అధికారులు, తనిఖీకి వెళ్లిన డాక్టర్లు, అనేక రాష్ట్రాల కాలేజీల వాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. వరంగల్‌లోని ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ ప్రస్తావన కూడా అందులో వచ్చింది. నేరం రుజువైందా లేదా అన్నది కోర్టులు తేల్చాలి. కానీ ఎన్నికల బదులు నియామకాలు పెడితే తనిఖీ శుద్ధి అవుతుందని 2019లో చెప్పిన మాట ఇక నిలబడదు. తనిఖీ వ్యవహారం చాలావరకు తనిఖీకి వెళ్లే డాక్టరుకూ, తనిఖీ చేయించుకునే కాలేజీకీ మధ్యే నడుస్తుంది. ఎన్నికైన మండలి ఉన్నప్పుడూ అంతే, నియమించిన కమిషన్ వచ్చాకా అంతే. కంచె మార్చినా చేను మేయడం ఆగకపోవడానికి కారణం ఇదే.

కాళోజీ నారాయణరావు పేరు పెట్టుకున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ సీట్లను బ్లాక్ చేసి తర్వాత అమ్ముకుంటున్నారన్న అనుమానంతో 2022 ఏప్రిల్లో ఆ విశ్వవిద్యాలయమే మట్టెవాడ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. ఆ ఎఫ్ఐఆర్ ఆధారంగానే 2023 జూన్‌లో ఈడీ రాష్ట్రంలోని కాలేజీల్లో సోదాలు చేసింది. సీట్లిచ్చే సంస్థే అనుమానం వచ్చి పోలీసుల దగ్గరికి వెళ్లడం మెచ్చుకోవలసిన విషయం. వైద్యరంగంలో ఒక సంస్థ తన ఇంటి గుట్టు తనే బయటపెట్టిన సందర్భాలు మనకు చాలా తక్కువ.

బయటి నుంచి వచ్చే అదుపు ఎంత గుడ్డిగా ఉండగలదో చూడాలంటే వరంగల్‌లోని సర్కారు పెద్దాసుపత్రి, ఎంజీఎం దవాఖానకే వెళ్లాలి. 2022 మార్చి చివర్లో అక్కడి ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. రాష్ట్రమంతా అట్టుడికింది. వెంటనే సూపరింటెండెంటును బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. రోగిని హైదరాబాద్ నిమ్స్‌కు తరలించినా బతకలేదు. ఐసీయూలోకి ఎలుక రావడం క్షమించరానిదే. కానీ ఎలుకలు వచ్చేది మురుగు కాల్వల వల్ల, పాతబడ్డ భవనాల వల్ల, పారిశుద్ధ్యం వల్ల, వార్డుల్లోకి వచ్చే తిండి వల్ల. డ్యూటీలో ఉన్న డాక్టరు చేతిలో ఇందులో ఏదీ లేదు. ప్రభుత్వానికి ఆ రోజు కావాల్సింది సాయంత్రం వార్తల్లోకి ఒక చర్య. సస్పెన్షన్ ఆర్డరు ఆ అవసరం తీర్చింది. ఎలుకలు ఎందుకు వచ్చాయి, ఏం మార్చారు అన్న వివరమైన నివేదికను ఉమ్మడి వరంగల్ జిల్లా జనం చేతిలో పెట్టి ఉంటే ఆ దవాఖానకు రోజూ వచ్చే వేలమందికి మేలు జరిగేది.

అదే దవాఖాన అనుబంధంగా ఉన్న కాకతీయ మెడికల్ కాలేజీకి చెందిన ఒక పీజీ విద్యార్థిని ప్రాణం 2023 ఫిబ్రవరిలో పోయింది. సీనియర్ వేధింపుల ఆరోపణ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. ఆ కేసు వివరాల్లోకి వెళ్లను. సీనియర్లు, ప్రొఫెసర్లు జూనియర్లను దారిలో పెట్టుకోవడం వైద్యవిద్యలో తరతరాల పద్ధతి. స్వీయ నియంత్రణకు మూలం అక్కడే. ఆ బడిలో జూనియరు నోరెత్తితే ఏమవుతుందో తెలిసి పెరిగిన డాక్టరు, రేపు పక్క నర్సింగ్ హోములో తప్పు జరిగితే నోరెత్తుతాడా? స్వీయ నియంత్రణ గొప్పతనం చెప్పేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబివ్వాలి.

ఇక రోగి వైపు నుంచి చూద్దాం. ఏటూరునాగారం దిక్కు నుంచి ఒక కుటుంబం హన్మకొండకు వచ్చి, ఓ నర్సింగ్ హోములో ఆపరేషన్ చేయించుకుని, మనిషిని పోగొట్టుకుందనుకుందాం. డాక్టరు తప్పు చేశాడని వాళ్ల అనుమానం. నిజంగా తప్పు జరిగిందో లేదో వాళ్లకు తెలియదు, అది తెలుసుకోవాలనే వాళ్ల తపన. మొట్టమొదట కావాల్సింది కేస్ షీటు. 2002 నాటి వైద్యుల ప్రవర్తన నిబంధనల ప్రకారం రోగి గానీ అతని తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాళ్ల చేతిలో పడేది మాత్రం సాధారణంగా డిశ్చార్జి కాగితం, బిల్లు. పల్లె నుంచి వచ్చినవాళ్లకు 72 గంటల సంగతి ఎవరూ చెప్పరు.

తర్వాత ఎవరి దగ్గరికి పోవాలి? జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్తే ఆసుపత్రికి లైసెన్సు ఉందా, మంటలార్పే ఏర్పాట్లు ఉన్నాయా అన్నది చూస్తారు. డాక్టరు చేసిన వైద్యం మంచిచెడ్డలు ఆయన పరిధి కాదు. పోలీసు స్టేషన్‌కు వెళ్తే 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అడ్డం వస్తుంది. డాక్టరు మీద నిర్లక్ష్యం కేసులో ముందుకు పోవాలంటే ముందు మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే ప్రభుత్వ వైద్యుడి నుంచి. ఆ తీర్పు అవసరమైనదే. ప్రతి మరణానికీ డాక్టరు మెడకు కేసు చుట్టుకుంటే ప్రమాదంలో ఉన్న రోగిని ముట్టుకోవడానికే భయపడతారు. కానీ దాని ఫలితమేమిటంటే, బయటి అదుపులో అన్నిటికన్నా కఠినమైన పోలీసు కేసు కూడా చివరికి తోటి డాక్టరు రాసిచ్చే కాగితం మీదే ఆధారపడుతుంది. ఇక్కడి పోలీసులు అడిగేది ఇక్కడి ప్రభుత్వ డాక్టర్లనే. ఆ ప్రభుత్వ డాక్టరు, ఆ ప్రైవేటు డాక్టరు ఒకే కాలేజీలో ముందూ వెనకా బ్యాచ్‌లు అయ్యుండొచ్చు. పోలీసు, ఫిర్యాదుదారు ఇద్దరూ ఆ సంగతి ఎరిగే ఉంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల మరణానికి మామూలు మనిషికి ఐదేళ్ల దాకా శిక్ష పెట్టి, రిజిస్టరైన వైద్యుడికి వైద్యం చేస్తూ జరిగిన తప్పుకు రెండేళ్ల దాకా అని వేరుగా రాసింది.

వినియోగదారుల కమిషన్ కొంత నయం. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని సేవగా గుర్తించింది. మేము ఇప్పటికే మెడికల్ కౌన్సిల్ అదుపులో ఉన్నాం కదా, మళ్లీ ఇదెందుకని అప్పట్లో వైద్యుల సంఘం వాదించింది. కౌన్సిల్ శిక్ష వేయగలదు గానీ నష్టపోయిన రోగికి పరిహారం ఇప్పించలేదు కదా అని కోర్టు తోసిపుచ్చింది. ముప్పై ఏళ్లయినా ఆ తీర్పు మీద గింజుకునే డాక్టర్లు ఉన్నారు. 2022లో కూడా సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడడానికి ఒప్పుకోలేదు. అయితే ఈ దారి ఎంత పొడుగైనదో చెప్పడానికి మన నిమ్స్ కేసే సాక్ష్యం. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి అక్కడ ఆపరేషన్ జరిగి నడుము కింది భాగం చచ్చుబడింది. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం తేల్చింది 2009 మేలో. పందొమ్మిదేళ్లు. అంత చదువు, అంత పట్టుదల ఏటూరునాగారం కుటుంబానికి ఎక్కడివి?

ఇక మిగిలింది మెడికల్ కౌన్సిల్. అది కోఠి సుల్తాన్ బజార్‌లో ఉంటుంది, వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. ఫిర్యాదు అందిన ఆరు నెలల్లో తేల్చాలని నిబంధన. కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే రోగి పైకి వెళ్లే హక్కు పాత నిబంధనల్లో సవరణతో వచ్చింది. 2019 చట్టంలోని 30వ సెక్షన్ మాత్రం అప్పీలు గురించి చెప్పేటప్పుడు వైద్యుణ్ని మాత్రమే పేర్కొంది. ఆ సెక్షన్ చూపించి రోగుల అప్పీళ్లను కమిషన్ తిప్పిపంపిన సంఘటనలు వార్తలకెక్కాయి. శిక్ష పడ్డ డాక్టరు ఢిల్లీ దాకా వెళ్లొచ్చు. ఆ సెక్షన్ ప్రకారం చూస్తే న్యాయం దొరకని తల్లి హైదరాబాద్‌లోనే ఆగిపోవాలి. వైద్యుల ఏలుబడి పోయి ప్రభుత్వ ఏలుబడి వచ్చిందని చెప్పుకున్న చట్టంలో రోగికి ఉన్నది కూడా తగ్గింది. ఈ ఒక్క సెక్షన్ చదివితే చాలు, 2019 మార్పు ఎవరి మధ్య జరిగిన పంపకమో అర్థమవుతుంది.

రాష్ట్ర కౌన్సిల్ సంగతికి వస్తే, తెలంగాణ వచ్చిన తొమ్మిదేళ్లకు, 2023 డిసెంబరులో తొలిసారి పోస్టల్ బ్యాలెట్‌తో ఎన్నికలు జరిగి 13 మంది వైద్యులు ఎన్నికయ్యారు. అన్నేళ్లు నామినేటెడ్ పద్ధతిలో నెట్టుకొచ్చిన సంస్థకు ఇది ప్రాణం పోసింది. కొత్త కౌన్సిల్ చురుగ్గా కదిలింది. 2024లో వరంగల్, హన్మకొండతో సహా ఎన్నో చోట్ల అర్హత లేకుండా వైద్యం చేస్తున్నవారి క్లినిక్‌లపై దాడులు చేసి, కేసులు పెట్టించింది. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అంటుంది 2019 చట్టంలోని 34వ సెక్షన్. మామూలు జ్వరానికి స్టెరాయిడ్లు, పెద్ద యాంటీబయాటిక్‌లు ఎక్కించే చోట్లను మూయించడం అవసరమే. రిజిస్టరైన డాక్టర్ల మీద కూడా కౌన్సిల్ చర్యలు తీసుకున్న సందర్భాలున్నాయి. అయినా కౌన్సిల్ ఉత్సాహమంతా వృత్తి గడప బయట కనిపిస్తోంది, గడప లోపల అంతగా కనిపించడం లేదు. ఎన్నికైనవాళ్లు ఓటేసినవాళ్ల మీద విచారణ చేయాల్సిన ఏర్పాటులో ఇలా కాక ఇంకెలా ఉంటుంది? ఆ పదమూడు మందిలో ఎవరి చిత్తశుద్ధినీ నేను శంకించడం లేదు. ఏర్పాటే వాళ్లను ఆ వైపు తోస్తుంది.

పల్లెల్లో ఇలా అర్హత లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీల విషయంలో ఇంకో నిజం ఉంది, దాన్ని చెప్పడానికి ఇరుపక్షాలూ ఇష్టపడవు. ఉమ్మడి వరంగల్ పల్లెల్లో రాత్రి పన్నెండుకు కడుపునొప్పి వస్తే తలుపు తట్టేది ఆర్ఎంపీదే. సెలైన్ పెట్టేది, సూది వేసేది, బండి మాట్లాడి హన్మకొండకు పంపేది ఆయనే. ఆ పంపడంలోనే వ్యాపారం ఉంది. ఏ నర్సింగ్ హోముకు పంపితే ఎంత అన్న లెక్క ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యం. డాక్టరు కమీషన్ ఇవ్వడం గానీ తీసుకోవడం గానీ 2002 నిబంధనల ప్రకారం దుష్ప్రవర్తనే. ఇచ్చే చేయి రిజిస్టరైన డాక్టరుది, పుచ్చుకునే చేయి రిజిస్టరు కాని ఆర్ఎంపీది. దాడులు జరిగేది పుచ్చుకున్న చేతి మీద. ఇచ్చిన చేతిని కూడా పట్టుకుంటేనే కౌన్సిల్‌కు ఆర్ఎంపీల గురించి మాట్లాడే నైతిక బలం వస్తుంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్స్‌గా మార్చాలని ఉమ్మడి రాష్ట్రంలో ఒక ప్రయత్నం మొదలైంది. ఆ తర్వాత ప్రతి ప్రభుత్వమూ ఎన్నికల ముందు దాన్ని గుర్తుచేసుకుంటూనే ఉంది. గీత గీసి, ఆ గీత లోపల ఏం చేయొచ్చో ఏం చేయకూడదో చెప్పి, దాటితే పట్టుకునే ఏర్పాటు మాత్రం ఇవాళ్టికీ రాలేదు.

గర్భసంచి ఆపరేషన్ల కథ ఈ చర్చలో తప్పకుండా రావాలి, తెలుగు నేల మీద రెండు రకాల అదుపూ కలిసి ఓడిపోయింది ఇక్కడే. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము నొప్పి అన్నా, ‘ఇక పిల్లలు పుట్టారు కదా, క్యాన్సర్ వస్తుంది, తీసేద్దాం’ అన్న మాట ఎన్ని ఇళ్లలో వినబడిందో పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లను అడిగితే చెప్తారు. ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి పోగొట్టుకుని, ఒంట్లో వేడి, ఎముకల నొప్పులు, కూలికి పోలేని నీరసం మోస్తున్నవాళ్లు వాళ్లు. ఈ సంగతి బయటపెట్టింది మెడికల్ కౌన్సిల్ కాదు, గైనకాలజిస్టుల సంఘాలూ కాదు. ఊళ్లు తిరిగి సర్వేలు చేసిన ప్రజారోగ్య కార్యకర్తలు, విలేకరులు. వాళ్లు బయటపెట్టాకే, రాష్ట్రం విడిపోకముందు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను సర్కారు దవాఖానలకు పరిమితం చేసింది. డబ్బు కట్టి ప్రైవేటులో చేయించుకునేవాళ్లకు ఆ ఆంక్ష తగలలేదు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్లో చెప్పాల్సి వచ్చింది.

కాన్పుల సంగతీ దీనికి దూరమేమీ కాదు. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశ సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. ముహూర్తాలు చూసుకునే కుటుంబాల పాత్ర ఇందులో ఉంది. నొప్పులు భరించలేదని కూతురి తరఫున తల్లే అడగడం ఉంది. రాత్రంతా కాన్పు కోసం కూర్చునే ఓపిక, సిబ్బంది లేని నర్సింగ్ హోములూ ఉన్నాయి. ఇలాంటి చోట ఒక్కో డాక్టరును పిలిచి శిక్షించడం కుదరదు, ఏ ఒక్క కాన్పునూ తీసుకుని ఇది తప్పని రుజువు చేయలేం. నూరు కాన్పుల లెక్క పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఆ లెక్క చూసి, ఈ తల్లికి ఎందుకు కోత పెట్టావని అడగగలిగేది మరో ప్రసూతి వైద్యురాలే, కలెక్టరు కాదు. తెలంగాణ ప్రభుత్వం సిజేరియన్ల ఆడిట్ మొదలుపెట్టింది. 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ మామూలు కాన్పు చేయించే నేర్పును నర్సులకు మళ్లీ నేర్పుతోంది. ఈ రెండూ బయటి ఒత్తిడితో మొదలై, లోపలి జ్ఞానంతో నడిచే పనులు. నాకు ఆశ కలిగించేవి ఇలాంటివే.

ధరల దగ్గర మాత్రం వృత్తిని నమ్మి వదిలేయడం అసలు కుదరదు. 2020 జూన్ 15న తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ చికిత్సకు రోజుకు మామూలు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలని ధర కట్టింది. ఖరీదైన మందులు, పరీక్షలు అందులో లేవు. ఆ సందు గుండానే లక్షల బిల్లులు వచ్చాయి. ఆ ఆగస్టులో హైదరాబాద్‌లో రెండు పెద్ద ఆసుపత్రులకు కోవిడ్ వైద్యం అనుమతి రద్దు చేశాకే మిగతావాళ్లు కొంత సర్దుకున్నారు. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల విషయమూ అంతే. డాక్టర్లు తీసుకోవద్దని 2009 నుంచి నిబంధన ఉంది. ఇచ్చే కంపెనీలకు 2024 మార్చిలో వచ్చిన నియమావళి అమలును కంపెనీల సంఘాల కమిటీలకే వదిలేశారు. ఇంత డబ్బు తిరిగే చోట దాన్ని వాళ్లకే వదిలేయడం తప్పు.

నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టుల విషయంలో స్వీయ నియంత్రణ పోయిందా ఉందా అన్న ప్రశ్నే పూర్తిగా వర్తించదు, వాళ్లకు అది ఎన్నడూ సరిగా దక్కలేదు. దవాఖానలోని చాలా వృత్తులకు 2021లో వచ్చిన చట్టం దాకా జాతీయ స్థాయిలో ఒక రిజిస్టరే లేదు. నర్సులకు, దంతవైద్యులకు 2023లో కొత్త కమిషన్ చట్టాలు వచ్చాయి. అన్నిటి అచ్చూ మెడికల్ కమిషన్‌దే. అన్నిట్లోనూ ఎన్నిక తగ్గి నియామకం పెరిగింది.

స్వీయ నియంత్రణకు పుట్టిల్లైన ఇంగ్లండు ఏం చేసిందో చూడటం మనకు పనికొస్తుంది. హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు తన రోగులను చంపుతూ పోయాడు. విచారణ సంఘం 215 హత్యలను నిర్ధారించింది. జనరల్ మెడికల్ కౌన్సిల్ రోగుల కన్నా డాక్టర్ల బాగునే ఎక్కువగా చూసుకుందని ఆ సంఘం 2004లో తేల్చింది. తర్వాత ఒక్కొక్కటే మారాయి. ఎన్నికలు పోయాయి. ఇప్పుడు కౌన్సిల్‌లో పన్నెండు మంది, అందులో ఆరుగురు వైద్యులు కానివాళ్లు. 2012 నుంచి ఫిర్యాదును దర్యాప్తు చేసే చేయి, తీర్పు చెప్పే చేయి వేరు. తీర్పులు బహిరంగం. ప్రతి డాక్టరూ ఐదేళ్లకోసారి తన పని రుజువు చేసుకోవాలి.

అక్కడే ఎదురుదెబ్బా తగిలింది. 2011లో లెస్టర్‌లో ఒక పిల్లాడు చనిపోయిన కేసులో ఒక జూనియర్ డాక్టరు మీద నేరం రుజువైంది. సిబ్బంది కొరత, పనిచేయని కంప్యూటర్ల మధ్య డ్యూటీ చేసిన ఆమెను కౌన్సిల్ సొంత ట్రిబ్యునల్ సస్పెండ్ చేస్తే, అది చాలదని కౌన్సిలే హైకోర్టుకెక్కి 2018 జనవరిలో రిజిస్టరులోంచి పేరు కొట్టేయించింది. ఆగస్టులో అప్పీలు కోర్టు ఆమె పేరు తిరిగి పెట్టించింది. ఈలోగా దేశమంతా డాక్టర్లు తమ పొరపాట్లను నోటు పుస్తకాల్లో రాసుకోవడానికి భయపడ్డారు. రాస్తే రేపు ఎవరి చేతిలో పడుతుందోనని. బయటి అదుపు మరీ బిగిస్తే లోపలి నిజాయితీ ఎండిపోతుంది.

రెండింటినీ కలిపిన నమూనా కోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, అది మన కలెక్టరేట్లోనే ఉంది. గర్భంతో ఉండగా గానీ, కాన్పులో గానీ, కాన్పు తర్వాత 42 రోజుల్లో గానీ తల్లి చనిపోతే ఆ మరణాన్ని సమీక్షించాలి. ముందు దవాఖానలో డాక్టర్లు, తర్వాత జిల్లా కమిటీ, ఆ పైన కొన్ని కేసులు కలెక్టరు ముందు. ఆ సమావేశానికి చనిపోయిన ఆమె కుటుంబం వాళ్లను కూడా పిలవాలని జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. సమీక్ష ఉద్దేశం శిక్ష కాదు, ఎక్కడ ఆలస్యమైందో తెలుసుకోవడం. ఊళ్లో తెలుసుకోవడంలోనా, బండి దొరకడంలోనా, దవాఖాన చేరాక రక్తం దొరకడంలోనా అని. వైద్యుల జ్ఞానం, ప్రభుత్వ అధికారం, కుటుంబం చూసిన నిజం ఒకే గదిలోకి వచ్చే చోటు మన వైద్యవ్యవస్థలో నాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఇది నిజాయితీగా జరిగిన చోట ఏం మార్చాలో తెలుస్తుంది. సస్పెన్షన్ల భయం పట్టుకున్న చోట ‘రోగి పరిస్థితి విషమంగా ఉండగా తీసుకొచ్చారు’ అన్న ఒక వాక్యం రాసి ఫైలు మూసేస్తారు.

అందుకే నేర్చుకునే గదిని, తీర్పు చెప్పే గదిని వేరు చేయాలన్నది నా వాదన. పొరపాటు ఎందుకు జరిగిందో తేల్చే సమీక్ష తోటి వైద్యులదే కావాలి. అందులో చెప్పిన మాట పోలీసు కాగితంగా మారకూడదు, కుటుంబానికి మాత్రం జవాబు చెప్పాలి. దురాశ, మోసం, పదే పదే నిర్లక్ష్యం మీద విచారణ సగం మంది వైద్యేతరులున్న బల్ల ముందు, తలుపులు తెరిచి జరగాలి. ఇప్పుడు మన దగ్గర ఇది తలకిందులుగా ఉంది. నేర్చుకోవాల్సిన చోట సస్పెన్షన్లు, శిక్షించాల్సిన చోట మూసిన తలుపులు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. రాష్ట్ర కౌన్సిల్ నెలకోసారి వరంగల్‌లో, ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆవరణలోనే, ఫిర్యాదులు వినొచ్చు. ఏటూరునాగారం, మహబూబాబాద్, భూపాలపల్లి జనానికి పట్నం ఖర్చు తప్పుతుంది. పోలీసులకు వైద్య అభిప్రాయం చెప్పే కమిటీలో వేరే జిల్లా డాక్టర్లను వేయొచ్చు, వరంగల్ కేసు నిజామాబాద్‌కు, నిజామాబాద్ కేసు ఖమ్మానికి. ఆసుపత్రి రిసెప్షన్‌లో ధరల పట్టిక పక్కనే, కేస్ షీటు 72 గంటల్లో ఇస్తామని తెలుగులో ఒక బోర్డు పెట్టించడం జిల్లా వైద్యాధికారి చేతిలో పని. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఆరు నెలల్లో ఎన్ని తేల్చారు, ఎవరి మీద ఏం చర్య తీసుకున్నారు అన్నది కౌన్సిల్ ప్రతి మూడు నెలలకూ ప్రకటిస్తే, దాన్ని ఏ కోర్టూ ఆపదు. మొదట చెప్పిన స్కానింగ్ ముఠాలో 2023లో అరెస్టయినవాళ్ల మీద కేసులు తేల్చాల్సింది కోర్టులు. లింగనిర్ధారణ నిరోధక చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం అభియోగాలు నమోదైతే డాక్టరు రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయాల్సింది, నేరం రుజువైతే మొదటిసారికి ఐదేళ్లు, మళ్లీ చేస్తే శాశ్వతంగా పేరు తీసేయాల్సింది కౌన్సిలే. ఆ 18 మందిలో రిజిస్టరైన డాక్టర్లు ఎవరెవరో, వాళ్ల పేర్లు ఇవాళ రిజిస్టరులో ఏ స్థితిలో ఉన్నాయో వరంగల్ ఆడవాళ్లకు చెప్పడంతో కౌన్సిల్ మొదలుపెట్టవచ్చు.